పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది సరే, మా ఊరి ‘నీటి సంకల్పం’ ఏ గడిలో రాయాలి?

పంచాయతీ పద్దు · 2025 నవంబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను తెలంగాణలో ఒక గ్రామ పంచాయతీ కార్యదర్శిని. ఊరి పేరు, మండలం పేరు అడగవద్దు, ఉద్యోగం చేసుకోవాలి.

ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక పని మొదలవుతుంది. ఐక్యరాజ్య సమితి చెప్పిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ ఊరికి సరిపోయేలా తొమ్మిది ఇతివృత్తాలుగా కుదించింది. పేదరికం లేని ఊరు, ఆరోగ్యంగా ఉన్న ఊరు, నీరు సమృద్ధిగా ఉన్న ఊరు, పచ్చని ఊరు, ఇలా. గ్రామసభలో వాటిలోంచి ఎంచుకుని సంకల్పం చెప్పుకోవాలి. మా వాళ్లు రెండో ఆలోచన లేకుండా నీటిని ఎంచుకున్నారు. ఏప్రిల్ వచ్చిందంటే మా బోర్లు నీళ్లకు బదులు గాలి పోస్తాయి.

సభ ముగిసే వేళ ఒక పెద్దాయన లేచారు. మా పొలిమేరకు రెండు కిలోమీటర్ల దూరంలో ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ కోసం నేల చదును చేస్తున్నారు. దాన్ని చూపిస్తూ అడిగారు: “అమ్మా, నీళ్లు పొదుపు చేయమని సంకల్పం చెప్పించేదీ సర్కారే, ఆ ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చిందీ సర్కారే. ఈ ఇద్దరూ ఎప్పుడైనా ఎదురుపడతారా?”

నా దగ్గర జవాబు లేదు. ఫ్యాక్టరీ కూడా సుస్థిర అభివృద్ధి కిందికే వస్తుందని, పెట్రోలులో ఇథనాల్ కలిపి చమురు దిగుమతి, పొగ తగ్గించే జాతీయ కార్యక్రమమని నాకు తెలుసు. ఆయనకు చెప్పాను కూడా. “అయితే రెండూ మంచివేనన్నమాట” అని కూర్చున్నారు. ఆ మాటలోని వెటకారం నన్ను ఇంకా వదలలేదు. తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

మక్క చేను · నవంబరు 8, రాత్రి 10:15

మేడం, నేను రైతును. ఆరు ఎకరాల్లో మొక్కజొన్న. ఇథనాల్ పేరు వినగానే అందరూ దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నారు కాబట్టి ముందు మా వైపు మాట వినండి.

వరి మానండి, నీళ్లు తక్కువ తాగే పంట వేయండి అని ఇరవై ఏళ్లుగా ప్రతి వ్యవసాయాధికారీ చెబుతున్నాడు. మానితే కొనేది ఎవరు? వరికి ఊరిలోనే కొనుగోలు కేంద్రం పెడతారు. మక్కలు మార్కెట్ యార్డులో కుప్పపోసి దళారి ముఖం చూస్తూ కూర్చోవాలి. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు 71.86 రూపాయలు ఇస్తామన్నారు. ఆ తర్వాతే మా పంటకు కోళ్ల మేత కాకుండా ఇంకో గిరాకీ వచ్చింది. ఆ ఏడాది నా చేతికి వచ్చిన డబ్బుతో అప్పు తీర్చాను. ఖరీఫ్ మక్క ఎక్కువగా వాన మీద నడిచే పంట. మీ పెద్దాయన అడిగిన నీటి ప్రశ్నకు ఇది కూడా ఒక జవాబే.

---

బాయిలర్ డ్యూటీ · నవంబరు 8, రాత్రి 11:02

ధాన్యం డిస్టిలరీలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను (వేరే రాష్ట్రంలో). లోపల ఏం జరుగుతుందో చెబుతాను, మిగతాది మీరు తేల్చుకోండి.

గింజను పిండి చేస్తాం, నీళ్లు కలిపి ఉడికిస్తాం, ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి, ఈస్టు ఆ చక్కెరను పులియబెడుతుంది. వచ్చిన ద్రవాన్ని కాచి ఆ ఆవిరిని చల్లారిస్తే ఇథనాల్. అడుగున మిగిలే చిక్కటి జావ అసలు సమస్య. దాన్ని బయటికి వదలకూడదు. ముద్దను పిండి వేరు చేయాలి, పలచటి నీటిని ఆవిరి యంత్రాల్లో మరిగించి చిక్కపరచాలి, రెండూ కలిపి ఆరబెడితే పశువుల దాణా వస్తుంది. డీడీజీఎస్ అంటారు. ఆవిరైన నీటిని చల్లార్చి మళ్లీ లోపలే వాడుకోవాలి. చుక్క బయటికి పోకూడదన్న నిబంధన ఇదే. కాగితం మీద గొప్పదే, సరిగ్గా నడిపితే నిజంగానూ గొప్పదే.

చిక్కు ఎక్కడంటే, ఆవిరి యంత్రం గొట్టాల్లో గార కడుతుంది. ఆపి శుభ్రం చేయాలి. ఆపితే ఉత్పత్తి ఆగుతుంది. ఆపకుండా నడిపితే జావ పేరుకుపోతుంది. పేరుకుపోయిన జావ రాత్రిపూట ఎటు పోతుందన్నది యాజమాన్యం మనస్సాక్షి మీద, కాలుష్య నియంత్రణ మండలి మనిషి ఎంత తరచుగా వస్తాడన్న దాని మీద ఆధారపడుతుంది. ఊళ్లకు వచ్చే దుర్వాసన చాలాసార్లు ఈ మధ్యలోంచే పుడుతుంది. పైగా ఇంత ఆవిరికి బాయిలర్‌లో ఊకో బొగ్గో కాల్చాలి. పచ్చ ఇంధనానికి నల్ల పొయ్యి అని మేము నవ్వుకుంటాం.

---

పాత స్కూటర్ · నవంబరు 9, ఉదయం 7:20

ఊళ్ల సంగతి ఏమో కానీ నా బండి మైలేజీ పడిపోయింది. బంకులో ఇరవై శాతం కలిపినదే దొరుకుతుంది, కలపనిది అడిగితే నవ్వుతున్నారు. ధర మాత్రం పైసా తగ్గలేదు. ఇది సుస్థిరమా, నా జేబుకు చిల్లా?

---

లెక్కల మాస్టారు · నవంబరు 9, ఉదయం 9:05

స్కూటర్ గారూ, మీ చిల్లుకు లెక్క ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. అయిదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం శక్తి పదిహేనో వంతు తగ్గుతుంది, అంటే ఆరున్నర శాతం పైన. ఇంజనును దానికి తగ్గట్టు మలిస్తే కొంత కలిసి వస్తుంది. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే పాత కార్లకు 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గుతుందని రాసింది. దాచిపెట్టిన రహస్యం కాదు, ఎవరూ చదవలేదు, అంతే.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. చెరకు చక్కెర నుంచి ఒక లీటరు ఇథనాల్ కావాలంటే పంటకు సుమారు 2,860 లీటర్ల నీరు పడుతుంది. ఇది రాసిన సంస్థే దేశంలో సుస్థిర అభివృద్ధి లక్ష్యాల అమలును సమన్వయం చేస్తుంది. మేడం, మీ పెద్దాయన అడిగిన ‘ఇద్దరూ’ ఒకే భవనంలో, బహుశా ఒకే నివేదికలో, పక్కపక్క పేజీల్లో ఉన్నారు.

అసలు గడువు చూడండి. 2018 జీవ ఇంధన విధానంలో 20 శాతానికి గడువు 2030. దాన్ని అయిదేళ్లు ముందుకు జరిపారు. 10 శాతం లక్ష్యం 2022 జూన్‌లో, అనుకున్నదానికంటే అయిదు నెలల ముందే పూర్తయింది. 20 శాతం కూడా ఈ ఏడాదే వచ్చేసింది. విదేశీ మారకం 1.4 లక్షల కోట్ల రూపాయలకు పైగా మిగిలిందని ప్రభుత్వం అంటోంది. చెరకు ఇథనాల్ అయితే హరితగృహ వాయువులు పెట్రోలు కంటే 65 శాతం, మొక్కజొన్నదైతే 50 శాతం తక్కువట. ఇవి కొట్టిపారేయదగిన లాభాలు కావు. కానీ అయిదేళ్లు మిగుల్చుకోవడానికి ఏం వదిలేశామో ఎవరైనా లెక్క కట్టారా?

---

ఫారం గుడ్డు · నవంబరు 9, ఉదయం 11:30

మేము లెక్క కట్టాం మాస్టారూ, ప్రతి రోజూ కడుతున్నాం. పశ్చిమ గోదావరిలో మాకు లేయర్ కోళ్ల ఫారం ఉంది. మేతలో సగానికి పైగా మొక్కజొన్నే. మక్క చేను అన్న సంబరపడ్డ 2024లో మా మేత ఖర్చు నెత్తిన కూర్చుంది. దశాబ్దాలుగా మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం ఆ ఏడాది మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి తెచ్చుకుంది. చమురు దిగుమతి తగ్గించడానికి మొక్కజొన్న దిగుమతి! అంగన్‌వాడీ పిల్లవాడికి ఇచ్చే గుడ్డు కూడా సుస్థిర లక్ష్యమే కదా, రెండోది, ఆకలి లేకుండా చేయడం. ఆ గుడ్డు ధర పెరిగితే ఆ నేరం ఏ మంత్రిత్వ శాఖ ఖాతాలో రాస్తారు?

రైతుకు ధర రావద్దని నేను అనను. ఆయన బతికితేనే నాకు మేత. కానీ ఒకే గింజ కోసం కోడి, కారు, మనిషి పోటీ పడుతుంటే మధ్యలో ఎవరో ఒకరు నిలబడి ఎవరికి ఎంత అని చెప్పాలి.

---

సోయా సాలు · నవంబరు 9, మధ్యాహ్నం 2:48

గుడ్డు గారూ, మీకు ఇథనాల్ ఫ్యాక్టరీల దాణా చవకగా దొరుకుతోంది కదా, ఆ సంగతి చెప్పలేదేం?

మాది ఆదిలాబాద్ జిల్లా. బాయిలర్ అన్న చెప్పిన డీడీజీఎస్ మార్కెట్‌లోకి వరదలా వచ్చింది. మాంసకృత్తుల కోసం సోయా పిండి కొనేవారు దానికి మారారు. పిండి అమ్ముడుపోకపోతే మిల్లు సోయా గింజ ఎందుకు కొంటుంది? మద్దతు ధర 5,328 రూపాయలు అని బోర్డు మీద రాసి ఉంటుంది, వ్యాపారి చూపు ఆ బోర్డు వైపు వెళ్లదు. ఇంకో పక్క వంటనూనెల దిగుమతి తగ్గించాలని, నూనె గింజలు పండించాలని 2024 అక్టోబరులో కేంద్రం ఇంకో మిషన్ ప్రకటించింది. అంటే ఒక మిషన్ నన్ను సోయా వేయమంటుంది, ఇంకో మిషన్ ఆ సోయాను కొననివ్వదు. రెండు మిషన్ల పోస్టర్లూ మా రైతు వేదిక గోడ మీద పక్కపక్కనే అంటించారు.

---

ఫారం గుడ్డు · నవంబరు 9, మధ్యాహ్నం 3:10

దాణా వాడుతున్నాం, నిజమే. కానీ బూజు విషం ఉన్న గింజ లోపలికి వెళితే దాణాలో అది మూడింతలు చిక్కబడి వస్తుంది. ఒక్క లోడు తేడా వస్తే గుడ్లు పడిపోతాయి. అందుకే కొద్దిగానే కలుపుతాం. చవక అన్నంత మాత్రాన వరం కాదు.

---

లెక్కల మాస్టారు · నవంబరు 9, రాత్రి 8:22

బియ్యం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. ఓపికగా చదవండి.

భారత ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యాన్ని ఈ ఏడాది ఇథనాల్ ఫ్యాక్టరీలకు క్వింటాలు 2,250 రూపాయలకు ఇస్తున్నారు. ఆ క్వింటాలు సేకరించి, మర పట్టించి, నిల్వ చేయడానికి ప్రభుత్వానికి అయ్యేది దాదాపు 4,000. కిలో బియ్యం నుంచి సుమారు 450 మిల్లీలీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఫ్యాక్టరీకి లీటరుకు గింజ ఖర్చు 50 రూపాయలు, అసలు ఖర్చు 89 రూపాయలు. నడుమ ఉన్న 39 రూపాయలు ఆహార సబ్సిడీ ఖాతాలో ఉంటాయి, లాభం ఇంధన ఖాతాలో కనిపిస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం.

వెనక్కి వెళితే ఇంకా వింత. 2023 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం అన్నభాగ్య పథకానికి అదనపు బియ్యం డబ్బు పెట్టి కొంటామంది. రాష్ట్రాలకు బహిరంగ మార్కెట్ పథకం కింద అమ్మేది లేదని కేంద్రం అదే నెలలో ఆపేసింది. కర్ణాటక కిలోకు 34 రూపాయల చొప్పున నగదు పంచింది. ఆ రోజుల్లో ఇథనాల్‌కు మాత్రం బియ్యం వెళుతూనే ఉంది. మరుసటి నెలలో వానల భయంతో దానికీ ఆపారు. డిసెంబరులో చెరకు రసం వాడకం మీద నిషేధం పెట్టి, పది రోజుల్లో సగం ఎత్తేశారు. 2024 ఆగస్టులో బియ్యం మళ్లీ మొదలు. ఇందులో ఎవరి దురుద్దేశమూ నాకు కనిపించలేదు. ఒక్కో నిర్ణయం వెనుక ఆ నెలకు సరిపడే కారణం ఉంది. అయితే వాన కురిసినంత కాలమే నిలబడేదాన్ని సుస్థిరం అనడానికి నాకు నోరు రావడం లేదు.

---

బాయిలర్ డ్యూటీ · నవంబరు 9, రాత్రి 9:15

మాస్టారూ, 39 రూపాయల లెక్క కొంచెం అన్యాయం. బియ్యం కొనడం మద్దతు ధర విధానం వల్ల ఎలాగూ జరుగుతుంది. ఆ ఖర్చు ఇథనాల్ ఉన్నా లేకపోయినా ఉంటుంది. గోదాములు నిండి, కొత్త పంటకు చోటు లేక, పాత బియ్యం పురుగు పడుతుంటే దాన్ని 2,250కి అమ్మడం నష్టం తగ్గించుకోవడమే కదా?

---

లెక్కల మాస్టారు · నవంబరు 9, రాత్రి 9:50

ఒప్పుకుంటున్నాను, నిల్వ మిగులు అయితే. కానీ ఒకసారి ఫ్యాక్టరీ కట్టాక అది మిగులు ఉన్న ఏడాదే తింటానంటుందా? బ్యాంకు వాయిదా ప్రతి ఏడాదీ ఉంటుంది. ఇవాళ మిగులు కోసం ఫ్యాక్టరీ, రేపు ఫ్యాక్టరీ కోసం మిగులు. అప్పుడు వరి మానమని మక్క చేనుకు చెప్పే అధికారి ఏమవుతాడు?

---

మక్క చేను · నవంబరు 10, ఉదయం 6:35

ఏమవుతాడో నేను చెబుతాను, నాకు ఈ నెలే జరిగింది.

పోయిన ఏడాది ధర చూసి అందరం మక్కలు వేశాం. ఈసారి మద్దతు ధర 2,400. మార్కెట్‌లో అడిగింది అంతకు చాలా తక్కువ. కారణం అడిగితే ఒక వ్యాపారి నిజం చెప్పాడు: “ఫ్యాక్టరీలకు సర్కారు బియ్యం వస్తోంది, మీ మక్కలు ఎందుకు?” పంట ఎక్కువ రావడం కూడా ఉందనుకోండి. మొదటి రోజు ఇథనాల్‌ను వెనకేసుకొచ్చాను, ఇప్పుడూ పూర్తిగా కాదనను. కానీ నన్ను వరి నుంచి మక్కకు రమ్మని పిలిచిన విధానమే, వరి బియ్యంతో నా మక్కను కొట్టింది. ఇంతకంటే ఏం చెప్పాలో నాకు రాదు.

---

పంచాయతీ పద్దు · నవంబరు 10, రాత్రి 10:05

అందరి జవాబులూ రెండుసార్లు చదివాను. ఒక చిన్న ప్రశ్న. ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది కదా? నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మా మండలంలో అలాంటిది జరిగినట్టు దస్త్రం దొరకలేదు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు కూడా లేరు, ప్రత్యేకాధికారుల పాలన. అడగడానికి ఎన్నికైన మనిషి లేడు.

---

కాగితం కప్ప · నవంబరు 11, ఉదయం 8:40

పర్యావరణ అనుమతుల దస్త్రాలు చూడటం నా వృత్తి. మీకు దొరకదు మేడం, ఎందుకంటే జరగనవసరం లేదు.

2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం ప్రాజెక్టులను తరగతులుగా విభజిస్తారు. ‘బీ2’ తరగతిలో పడితే ప్రభావ అంచనా నివేదిక అవసరం లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఆ ప్రకటనను సవరించింది. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసమే నడిచే, వ్యర్థజలం బయటికి వదలని ధాన్యం డిస్టిలరీలను బీ2 కిందికి తెచ్చింది. మొదట పరిమిత కాలానికే అన్నారు. గడువు ముందుకు జరిపారు కాబట్టి ఫ్యాక్టరీలు త్వరగా లేవాలి, అనుమతులు త్వరగా రావాలి. మాస్టారు ‘ఏం వదిలేశాం’ అని అడిగారు కదా. వదిలేసినది ఇదే. ఊరి వాళ్లు కలెక్టర్ ముందు నిలబడి మాట్లాడే ఒక్క రోజు.

ఆ ఒక్క రోజు తీసేస్తే ఏం జరుగుతుందో మన దగ్గరే చూశాం. 2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద గొడవ. 2024 నవంబరు 26న నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం భైంసా రోడ్డు మీద బైఠాయించారు, మరునాటికి పనులు ఆపమని కలెక్టర్ చెప్పాల్సి వచ్చింది. ఈ జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో మళ్లీ అదే. టెంటు వేసి, మైకు పెట్టి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని వినాల్సిన మాటలను రోడ్డు మీద రాళ్ల మధ్య విన్నారు. మిగిలిందనుకున్న కాలం ఎక్కడ మిగిలిందో నాకైతే తెలియలేదు.

---

జెండా కర్ర · నవంబరు 11, మధ్యాహ్నం 12:18

దేశం ముందుకు పోతుంటే కాళ్లు పట్టి లాగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చమురు కోసం అరబ్బుల ముందు చేతులు కట్టుకుని నిలబడాలా? ఈ ఆందోళనల వెనుక ఎవరున్నారో అందరికీ తెలుసు.

---

సోయా సాలు · నవంబరు 11, మధ్యాహ్నం 12:31

మా వెనుక మా అప్పు ఉంది అయ్యా. పరిచయం చేయమంటారా?

---

నిర్వాహకుడు · నవంబరు 11, మధ్యాహ్నం 1:00

విషయం మీద ఉందాం. ఎవరి ఉద్దేశాలను ఎవరూ తేల్చనక్కర్లేదు. తర్వాతి రెండు సందేశాలు తొలగించాను.

---

స్టుట్‌గార్ట్ సత్యం · నవంబరు 12, తెల్లవారుజామున 2:10

జర్మనీలో ఉంటాను. ఇక్కడి సుస్థిర అభివృద్ధి వ్యూహం 2002 నాటిది. ప్రతి కొత్త చట్టం ముసాయిదాతో పాటు సుస్థిరత మీద దాని ప్రభావం ఏమిటో రాయాలి. పార్లమెంటులో దాన్ని చూడటానికి ప్రత్యేక మండలి కూడా పెట్టారు. అంతా పద్ధతిగా ఉందని మనవాళ్లు మెచ్చుకుంటారు.

అయినా ఏమైందో చూడండి. గోబర్ గ్యాస్ లాంటి జీవవాయువుతో కరెంటు చేస్తే మంచి ధర ఇస్తామన్నారు. రైతులు పొలాలన్నీ మొక్కజొన్నతో నింపేశారు. ఇక్కడి పత్రికలు ఆ జబ్బుకు ‘మొక్కజొన్నమయం’ అని అర్థం వచ్చే మాట పుట్టించాయి. గడ్డి నేలలు తగ్గాయి, కౌలు ధరలు పెరిగాయి, పాల రైతులు గగ్గోలు పెట్టారు. చివరికి 2012 చట్ట సవరణలో కొత్త ప్లాంట్లకు మొక్కజొన్న, ధాన్యం కలిపి 60 శాతం మించకూడదని మూత బిగించారు. 2011లో పది శాతం ఇథనాల్ పెట్రోలు తెచ్చినప్పుడు కార్ల వాళ్లు బంకుల్లో దాన్ని ముట్టుకోలేదు. అయితే ఇక్కడ పాత పెట్రోలు కూడా పక్కనే అమ్మారు. పాత స్కూటర్ గారికి ఆ ఎంపికే లేదు.

చెప్పొచ్చేదేమిటంటే, కాగితం పెట్టుకున్నంత మాత్రాన గొడవలు ఆగలేదు. కానీ మూత ఎక్కడ పెట్టాలో అడిగే చోటు ఒకటి ఉంది.

---

మడకశిర మేనమామ · నవంబరు 12, ఉదయం 10:44

ఇథనాల్ ఒక్కటే కాదు. మా బంధువులు సరిహద్దు అవతల, కర్ణాటకలోని పావగడలో ఉంటారు, ఇళ్లలో తెలుగే. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. మంచి విషయం ఏమిటంటే భూమి లాక్కోలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వానలు లేని తాలూకా, వేరుశనగ వేసి నష్టపోయే నేల. మా పెద్దమ్మ కొడుకు ఇప్పుడు హాయిగా ఉన్నాడు, ఎకరాలున్నవాడు కాబట్టి.

ఆయన చేలో కూలికి వెళ్లినవారికి కౌలు ఎవరిస్తారు? గొర్రెల మంద ఉన్నవాడికి కంచె బయట నుంచి దారి ఎక్కడ? వారి పేరు మీద సర్వే నంబరు లేదు కాబట్టి ఏ ఒప్పందంలోనూ వారు లేరు. పోయినసారి వెళ్లినప్పుడు ఒకాయన నాతో అన్నాడు: “ఎండ అందరిదే అనుకున్నాం.” బస్సు ఎక్కాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది.

---

బట్టమేక · నవంబరు 12, రాత్రి 7:55

పక్షుల వాడిని, నా గొడవ ఒక్క నిమిషం. 2021లో బట్టమేక పక్షి కోసం రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలను భూమి లోపల వేయమని సుప్రీంకోర్టు చెప్పింది. సౌర విద్యుత్ లక్ష్యాలు దెబ్బతింటాయని కేంద్రం వెళ్లి అడిగింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి కమిటీ వేశారు. అదే తీర్పులో వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పౌరుల హక్కు అని కూడా చెప్పారు. వాతావరణాన్ని కాపాడే తీగ, పక్షిని చంపే తీగ, ఒకటే తీగ. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఈ పక్షి కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు వెళితే బోర్డు మీద బొమ్మ కనిపిస్తుంది.

---

లెక్కల మాస్టారు · నవంబరు 13, ఉదయం 9:30

మేడం, ‘ఏ గడిలో రాయాలి’ అని మీరు అడిగిన మాట మీద రెండు రోజులు వెతికాను.

నీతి ఆయోగ్ సుస్థిర అభివృద్ధి సూచికలో 2018లో దేశానికి 57 మార్కులు వచ్చాయి, 2023-24లో 71. కేరళ, ఉత్తరాఖండ్ 79తో ముందున్నాయి. మార్కులు పెరిగినందుకు నాకూ సంతోషమే, ఊరికే పెరగవు. కానీ ఏం కొలుస్తున్నారో చూడండి. ఏడో లక్ష్యం ఇంధనం. అక్కడ ఇళ్లకు కరెంటు, వంటగ్యాసు చూస్తారు. ఆరోది నీరు, దాని మార్కులు దానివి. ఆ తర్వాత సగటు తీస్తారు. ఏడోది ఆరోదాన్ని తినేస్తే సగటులో అది కనిపించదు. ఒక కుర్రవాడు లెక్కల్లో తొంభై తెచ్చుకోవడానికి తెలుగు పుస్తకం చించి చిత్తు కాగితంగా వాడుకున్నా మార్కుల జాబితాలో ఆ సంగతి రాయరు కదా.

పదిహేడో లక్ష్యం కింద 17.14 అని ఒక ఉపలక్ష్యం ఉంది: విధానాల మధ్య పొంతన పెంచడం. మీ పెద్దాయన అడిగింది అదే. సూచికలో పదిహేడో లక్ష్యానికి మాత్రం మార్కులు వేయరు, వివరణ రాసి వదిలేస్తారు. మొత్తం 169 ఉపలక్ష్యాల్లో ఆయన ప్రశ్న ఎక్కడ ఉందో దొరికింది. దొరికిన చోట మార్కులు లేవు.

---

కాగితం కప్ప · నవంబరు 13, ఉదయం 11:15

మాస్టారి వెతుకులాటకు దండం. కానీ మేడంకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. పొంతన కోసం ఢిల్లీ వైపు చూస్తే మీ పదవీ విరమణ దాటుతుంది. ఫ్యాక్టరీ ఇంకా లేవలేదు కదా. లేవకముందు మీ ఊరి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో, ఎలా ఉన్నాయో రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా జరిగితే “మీ బోర్లు ముందు నుంచీ ఎండేవే కదా” అన్నదే మొదటి వాదన అవుతుంది. నేను చూసిన కేసుల్లో ఊరివాళ్లు ఓడిపోయింది అబద్ధం చెప్పి కాదు, పాత కొలత లేక. నీటి సంకల్పం కింద బోర్ల కొలత తీయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది మీ ప్రణాళికలో పనే.

---

బాయిలర్ డ్యూటీ · నవంబరు 13, మధ్యాహ్నం 1:40

నేను కూడా ఇదే అంటాను. ఫ్యాక్టరీ మంచిగా నడిస్తే ఆ కొలత ఫ్యాక్టరీకి కూడా రక్ష. లోతుతో పాటు నీటి రంగు, వాసన, ఉప్పదనం రాయండి. సీసాల్లో పట్టి ప్రభుత్వ ప్రయోగశాలకు పంపండి. ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతి పత్రంలో భూగర్భ జలం ఎంత తీయవచ్చో, లేదా అసలు తీయకూడదో స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ పేజీ నకలు తీసి పంచాయతీ గోడకు అంటించండి. మా దగ్గర ఒక ఊరివాళ్లు అలా అంటించారు. ఆ తర్వాత మా మేనేజరు టాంకర్ల లెక్క తానే రాయడం మొదలుపెట్టాడు.

---

మక్క చేను · నవంబరు 13, రాత్రి 8:00

కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు మేడం. సన్నటి నైలాన్ తాడుకు మీటరుకు ఒక ముడి వేసి, చివర ఇనుప నట్టు కట్టి, పైన మూత తీసి వదలండి. నీళ్లు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. పొద్దున్నే, మోటార్లు వేయకముందు తీయాలి.

---

పంచాయతీ పద్దు · నవంబరు 16, రాత్రి 9:25

ఆలస్యమైంది, క్షమించండి. నిన్న, ఈరోజు తెల్లవారుజామున అయిదు గంటలకు బోర్ల దగ్గరికి వెళ్లాం. నేను, వాటర్‌మన్, గ్రామసభలో లేచి అడిగిన ఆ పెద్దాయన. పదకొండు బోర్లలో తొమ్మిదింటికి లోతు దొరికింది. రెండింటిలో కేసింగ్‌కు, పైపుకు మధ్య తాడు దిగే సందు లేదు. ఒక చోట నట్టు తెగి లోపల పడిపోయింది, ఆ రైతుతో తిట్లు తిన్నాను. తొమ్మిది సీసాలు ప్రయోగశాలకు పంపాను.

ప్రణాళిక పోర్టల్‌లో ‘నీరు’ కింద ‘చేపట్టిన పనులు’ అని ఒక గడి ఉంది. ఇంకుడు గుంత, చెరువు పూడిక లాంటివే వస్తాయి, బోర్ల కొలత అనేది జాబితాలో లేదు. ‘ఇతరములు’ ఎంచుకున్నాను. వివరణ రాయమంది. పొడవు మించకూడదట, రాసింది మూడుసార్లు కుదించాను.

పెద్దాయన మాత్రం తన నోటు పుస్తకంలో తొమ్మిది అంకెలూ విడిగా రాసుకున్నారు. మళ్లీ ఎప్పుడు కొలుస్తాం అని అడిగారు. సంక్రాంతి తర్వాత అన్నాను. “అప్పటికి సర్పంచ్ వస్తాడేమో” అన్నారు.

---

పాత స్కూటర్ · నవంబరు 16, రాత్రి 9:50

మేడం, తాడు బదులు మీటర్ టేపు ఉన్న రీలు నా దగ్గర ఒకటి ఉంది, సర్వే పనికి కొన్నది, వంద మీటర్లు. ఎవరి ద్వారా పంపాలో ప్రైవేటు సందేశంలో చెప్పండి.